పూత మీద బేరం

ఫాల్గుణం సగం దాటిందంటే మా ఇబ్రహీంపట్నంలో ఆకాశం ఒక మాట మీద నిలబడదు. పొద్దున తలుపు తీస్తే చలి ఇంకా వాకిట్లోనే ఉంటుంది. పదకొండింటికల్లా సాగర్ రోడ్డు మీద ఎండ కళ్లు తెరవనివ్వదు. మూడు దాటాక గాలి ఆగిపోతుంది, ఉక్క పోస్తుంది, కానుగ చెట్టు మీద లేత ఆకు కూడా కదలదు. అప్పుడు పెరట్లోనో చెలకలోనో పని చేస్తున్నవాళ్లు ఎవరూ చెప్పకుండానే తలెత్తి చూస్తారు. ఏదో ఒక దిక్కున మబ్బు లేస్తూ ఉంటుంది. అది యాచారం మీద కురుస్తుందో, మంచాల వైపు పోతుందో, మా మీదికే వస్తుందో, ఉత్త దుమ్ము లేపి వెళ్లిపోతుందో అరగంట ముందు కూడా తెలియదు. ఒక ఊరి కాలువలో నీళ్లు పారిన సాయంత్రం పక్క ఊరి వాకిట్లో చుక్క పడదు.

కావ్యాల్లో వసంతం నిలకడైన ఋతువు. చిగురు, కోయిల, మలయమారుతం అన్నీ అనుకున్న చోట అనుకున్న వేళకు ఉంటాయి. దక్కను పీఠభూమి మీద, ఈ ఎర్ర చెలకల్లో నాలుగు చెట్లు పెంచుకునేవాళ్లకు తెలిసిన వసంతం వేరు. చలి పూర్తిగా పోలేదు, ఎండ పూర్తిగా రాలేదు. తొలకరికి ఇంకా మూడు నెలలుంది, కానీ వాన రాదని ఎవరూ పూచీ పడలేరు. ఏడాది మొత్తంలో చెట్టు చేసే పనుల్లో అన్నిటికన్నా సున్నితమైనది పూసి పిందె కట్టడం. అది సరిగ్గా ఈ నమ్మలేని వారాల్లోనే జరుగుతుంది.

ఎందుకిలా అన్న ప్రశ్న నన్ను చాలాకాలం వదల్లేదు. ఇంత ముఖ్యమైన పనికి కాస్త భద్రమైన కాలాన్ని చెట్టు ఎందుకు చూసుకోదు? జవాబు మామిడి టెంకలో ఉంది. టెంక ఎక్కువ కాలం నిలవ ఉండేది కాదు. పండు నుంచి బయటపడ్డాక కొన్ని వారాల్లోనే దానికి మొలకెత్తే శక్తి పోతుంది. వేపగింజదీ అదే సంగతి. తొలకరికి నేల తడిసే వేళకు పండు చెట్టు దిగాలి. అలా దిగాలంటే నాలుగైదు నెలల ముందే పూత రావాలి, గాలీ వానా ఎండా ఒకదాన్నొకటి తోసుకునే ఈ కాలాన్ని దాటుకునే కాయ పెరగాలి. భద్రమైన కాలం కోసం ఆగితే గింజకు నేల దొరకదు. చెట్టు తెలియక ప్రమాదంలోకి దిగడం లేదు. ఇంకో దారి లేక, దిగవలసిన చోటనే దిగుతోంది. ఇది అర్థమయ్యాక పూసిన కొమ్మను చూస్తే నాకు అందం కన్నా ముందు గౌరవం కలుగుతుంది.

మా పెరడు పెద్దదేం కాదు. ఒక నిమ్మ, ఒక మునగ, మల్లె పొదలు, దొండ పందిరి, గోడ వెంట టమాటా, వంగ, ఒక మూల మడిలో కొత్తిమీర. మార్చి వచ్చిందంటే వీటిలో ఏ రెండూ ఒకే వాతావరణాన్ని కోరుకోవు. ఎండ తగలగానే కొత్తిమీర ఆకు మానేసి పూతకు పోతుంది. టమాటా పగటి వేడిని కొంతవరకు ఓర్చుకుంటుంది కానీ, పగలు 35 డిగ్రీలు దాటి రాత్రి కూడా చల్లబడకపోతే దాని పుప్పొడి చచ్చుబడుతుంది. పచ్చటి పూలు కాడతో సహా రాలి మొదట్లో పడతాయి. ఎండతో పాటు తెల్లదోమ వస్తుంది, దానితో ఆకుముడత వస్తుంది. మునగ తెగ పూస్తుంది. ఒక్క గట్టి వాన పడితే మర్నాటికి చెట్టు కింద నేల తెల్లగా ఉంటుంది, కొమ్మ ఖాళీగా ఉంటుంది. మల్లెది పూర్తిగా ఎదురు దారి. చలికాలమంతా నీళ్లు తగ్గించి, కొమ్మలు కత్తిరించి, దాన్ని కొంత కరువులో పెడితేనే ఎండ ముదిరేకొద్దీ విరగపూస్తుంది. మధ్యలో ఒక జల్లు పడితే దానికి బలమే.

అంటే ఒకే సాయంత్రం పడిన ఒకే వాన ఈ కాస్త పెరట్లోనే ఒకరికి మేలు, ఒకరికి కీడు. అలాంటప్పుడు మంచి వాతావరణం అనే మాటను ఊరికే వాడడం నాకు కష్టంగా ఉంటుంది. ఎవరికి మంచిది, ఏ వారంలో మంచిది, ఏ దశలో ఉన్న చెట్టుకు మంచిది అని అడిగితే తప్ప ఆ మాటకు అర్థం రాదు. ఉక్కకు తట్టుకోలేక నేను మనసులో కోరుకున్న చినుకు పక్క ఊరి మామిడి పూతకు పక్షికన్ను తెగులు కావచ్చు. మన కోరికలన్నీ విని తీర్చే ఆకాశం ఉంటే అది రోజుకు వందమందిని ముంచవలసి వచ్చేది. ఎవరి మాటా వినని ఆకాశం కింద ఉండడం ఆ లెక్కన మనందరికీ మేలే అనిపిస్తుంది.

కాలాన్ని పట్టుకోవడానికి మన పెద్దలు చేసిన ప్రయత్నం తక్కువదేం కాదు. మన పంచాంగంలో రెండు గడియారాలున్నాయి. ఒకటి చంద్రుడిది. పండుగలు, తిథులు దాని ప్రకారం నడుస్తాయి. అది సూర్యుడి ఏడాది కన్నా పదకొండు రోజులు చిన్నది కనుక ఉగాది ఏటేటా వెనక్కి జరుగుతూ పోతుంది. అధికమాసం వచ్చినప్పుడు ఒక్కసారిగా ముందుకు దూకుతుంది. 2023లో ఉగాది మార్చి 22న వచ్చింది. ఆ ఏడు అధిక శ్రావణం రావడంతో 2024లో ఏప్రిల్ 9కి పోయింది. 2026లో మార్చి 19కే వచ్చేసింది. ఉగాది తొందరపడిన ఏడు పచ్చడికి వేపపువ్వు దొరకడం కష్టం. ఆలస్యమైన ఏడు చాలా చెట్ల కింద పూత రాలిపోయి ఉంటుంది. వేపచెట్టు తిథి చూసుకోదు.

రెండో గడియారం సూర్యుడిది. అవే కార్తెలు. సూర్యుడు ఒక్కో నక్షత్రంలో ఉండే పదమూడు, పద్నాలుగు రోజులు ఒక కార్తె. మార్చి మొదట్లో పూర్వాభాద్ర, తర్వాత ఉత్తరాభాద్ర, రేవతి, ఏప్రిల్ నడుమ అశ్విని, ఆ వెనుక భరణి, కృత్తిక, రోహిణి, జూన్‌లో మృగశిర. ఇవి దాదాపు ఏటా ఆ తేదీలకే వస్తాయి. అందుకే పండుగను తిథిని బట్టి చేసుకునే రైతు విత్తనాన్ని మాత్రం కార్తెను బట్టి వేస్తాడు. ఒకే మనిషి ఒకే పుస్తకంలోంచి రెండు కాలాలను చదువుకుని, ఏది దేనికి పనికొస్తుందో తేడా తెలిసి బతకడం గొప్ప వివేకం. దాన్ని మనం తగినంత గుర్తించలేదని నా అభిప్రాయం.

ఇప్పుడు ఆ రెండో గడియారానికీ చెట్టుకూ మధ్య ఎడం పెరుగుతోంది. మామిడికి మొగ్గ కదలాలంటే నవంబరు, డిసెంబరుల్లో రాత్రులు చల్లబడాలి, నేల కొంత ఆరాలి. వానలు వెనకబడి అక్టోబరు, నవంబరుల్లో కురిస్తే చెట్టు పూత పక్కన పెట్టి చిగురు వేస్తుంది. రాత్రులు వెచ్చగా ఉంటే పూత ఒక్కసారిగా రాక విడతలు విడతలుగా వస్తుంది. ఒకే చెట్టుకు ఒక కొమ్మ మీద నిమ్మకాయంత కాయ, ఇంకో కొమ్మ మీద పూత, మరో కొమ్మ మీద రాగిరంగు చిగురు ఈమధ్య తరచుగా చూస్తున్నాం. జపానులోని క్యోటో నగరంలో చెర్రీ పూల తేదీలు క్రీస్తుశకం 812 నుంచీ రాతల్లో దొరుకుతాయి. 2021లో మార్చి 26నే పూర్తిగా పూసి, అప్పటిదాకా ఆ పన్నెండు వందల ఏళ్లలో నమోదైన తేదీలన్నిటినీ వెనక్కి నెట్టింది. మన దగ్గర ఏ ఊరి మామిడి ఏ ఏడు ఎప్పుడు పూసిందో అలా రాసిపెట్టినవాళ్లు లేరు. ముసలివాళ్ల జ్ఞాపకాలే మనకు ఆధారం. ఆ జ్ఞాపకాలన్నీ ఒకే మాట చెబుతున్నాయి: పూత చెప్పిన వేళకు రావడం లేదు.

మామిడి పూతను దగ్గరగా చూసినవాళ్లకు దాని లెక్క ఆశ్చర్యం కలిగిస్తుంది. ఒక్కో కంకికి వెయ్యికి పైగా పూలుండవచ్చు. అందులో ఎక్కువ మగపూలు. కాయ కట్టగలిగినవి కొన్నే. వాటికీ తేనెటీగలు, మామూలు ఈగలు పుప్పొడి చేర్చాలి. మబ్బు పట్టి, మంచు కురిస్తే బూడిద తెగులు. చినుకు పడితే పక్షికన్ను తెగులు. తేనెమంచు పురుగు రసం పీల్చి జిగురు వదిలితే దాని మీద మసి. ఇవన్నీ దాటి పిందె కట్టాక, తన శక్తికి మించిన పిందెల్ని చెట్టే రాల్చేసుకుంటుంది. చివరికి కంకికి ఒకటో రెండో కాయలు నిలిస్తే అది మంచి కాపు. కంకి మొత్తం ఊడిపోయేవి ఎన్నో. పైగా చాలా రకాలు ఒక ఏడు విరగకాసి మరుసటి ఏడు విశ్రాంతి తీసుకుంటాయి.

నేను ఇందులో చూసేది దుబారా కాదు. పోయేది ముందే లెక్కలో వేసుకున్న బతుకు అది. చెట్టు తన ఆశను ఒక పువ్వు మీద పెట్టలేదు, ఒక కొమ్మ మీద పెట్టలేదు, ఒక ఏడాది మీద కూడా పెట్టలేదు. వెయ్యి పూలలో 998 పోయినా దానికి నష్టం లేదు. ఈ ఏడు గాలికి కాయంతా రాలినా వచ్చే ఏడుంది, ఆ తర్వాత ఇంకో నలభై ఏళ్లున్నాయి. రాళ్ల వాన పడ్డ మర్నాడు తోటలోకి పోతే, చినిగిన ఆకుల మధ్య నుంచే కొద్దిరోజులకు చిగురు కనిపిస్తుంది. తోటలో దుఃఖంగా ఉన్నది మనుషులు మాత్రమే.

మంచాల దిక్కు మామిడితోటలు గుత్తకు పట్టే ఒక కుటుంబం నాకు తెలుసు. వాళ్లకు సొంత తోట లేదు. పూత దశలోనే భార్యాభర్తలిద్దరూ తోటంతా తిరిగి, కొమ్మ కొమ్మనూ చూసి, ఎన్ని టన్నులు దిగవచ్చో అంచనా కట్టి ధర మాట్లాడుకుంటారు. సగం డబ్బు అప్పుడే ఇవ్వాలి. మిగతాది కాయ దిగాక. ఆ మొదటి సగం కూడా చాలాసార్లు మార్కెట్‌లో కమీషన్ ఏజెంటు దగ్గర తెచ్చిందే. కాయ ఆయన దుకాణానికే తేవాలన్నది షరతు. అప్పటి నుంచి మందుల ఖర్చు, నీళ్లు, కావలి, కోత కూలి, బండి కిరాయి అన్నీ వీళ్ల మీదే. పట్టాదారు హైదరాబాద్‌లో ఉంటాడు. బేరం ఇష్టపూర్వకంగానే జరుగుతుంది, ఎవరూ ఎవరినీ మోసం చేయరు. అయినా దాన్ని తలచుకున్నప్పుడల్లా నాకు నిద్ర పట్టదు. ఎందుకంటే ఆ బేరంలో అమ్ముడుపోయేది కాయ కాదు, పూత కూడా కాదు. రాబోయే తొంభై రోజుల ఆకాశం. దాన్ని కొనుక్కున్నది అందరిలోకీ తక్కువ ఉన్నవాళ్లు.

“ఏం చెల్లె, ఈ ఏడు పూతెట్లుంది?” అని అడిగితే ఆమె ఎప్పుడూ నిబ్బరంగానే జవాబిస్తుంది.

“పూతకేం సారూ, కొమ్మ కనవడకుంట పూసింది. గాలొక్కటి చల్లగ చూడాలె.”

గాలి చల్లగా చూడని ఏళ్లు మనకు గుర్తున్నవే చాలా ఉన్నాయి. 2014 ఫిబ్రవరి, మార్చి నెలల్లో మహారాష్ట్ర నుంచి మన దాకా కురిసిన రాళ్ల వానలు. 2020 మే మొదటి వారంలో కోహెడలో జరిగింది మా ప్రాంతంలో ఎవరూ మరిచిపోలేదు. లాక్‌డౌన్ రోజులని గడ్డిఅన్నారం మామిడి మార్కెట్‌ను తాత్కాలికంగా అక్కడికి మార్చారు. సాయంత్రం లేచిన ఈదురుగాలికి రేకుల షెడ్లు కూలి రైతులు, హమాలీలు గాయపడ్డారు. తోటలో గాలికి, తెగుళ్లకు, ఎండకు తట్టుకుని కాయను మార్కెట్ దాకా తెచ్చినవాళ్ల మీద చివరి మెట్టులో ఆకాశం విరుచుకుపడింది. 2023 మార్చి 16న వికారాబాద్ జిల్లా మర్పల్లిలో వడగళ్లు నేలంతా తెల్లగా పరుచుకున్నాయి. ఆ బొమ్మలు చూసి ఊటీలా ఉంది, కశ్మీరులా ఉంది అని ఎంతోమంది మురిసిపోయారు. ఆ తెలుపు కింద ఉల్లి, టమాటా, మామిడి ఉన్నాయి.

వడగళ్లు ఎందుకు పడతాయో తెలుసుకుంటే కోపం కొంత తగ్గుతుంది. మార్చి నుంచి మే దాకా నేల బాగా కాగి వేడిగాలి పైకి లేస్తుంది. బంగాళాఖాతం నుంచి కింద తేమ గాలి వస్తుంది, వాయవ్యం నుంచి పొడిగాలి వస్తుంది. ఈ రెండూ కలిసే గీత చాలాసార్లు ఛత్తీస్‌గఢ్, విదర్భల నుంచి తెలంగాణ మీదుగా తమిళనాడు దాకా సాగుతుంది. రేడియోలో ద్రోణి అని వినేది దాన్నే. ఆ గీత వెంట మబ్బులు పది పన్నెండు కిలోమీటర్ల ఎత్తుకు పెరుగుతాయి. పైన గడ్డకట్టిన నీటిబొట్టును కింది నుంచి లేచే గాలి మళ్లీ మళ్లీ పైకి నెడుతుంటే దాని మీద మంచు పొరలు పేరుకుంటాయి. ఇక గాలి మోయలేనంత బరువెక్కాక రాయిగా పడుతుంది. దీనిలో శిక్ష లేదు, పాపం లేదు, ఎవరి మీదా పగ లేదు. మనం నాలుగు నెలల తర్వాత చేతులు జోడించి పిలిచే వానకూ ఈ రాయికీ ముడిసరుకు ఒకటే.

అలాంటి ఒక రాళ్ల వాన వెళ్లిపోయిన సాయంత్రం నేను ఆ కుటుంబం గుత్తకు పట్టిన తోటలో ఉన్నాను. చెట్ల కింద నేల కనబడకుండా పచ్చికాయ పడి ఉంది. రాయి తగిలిన కాయకు ఆ చోట తోలు నల్లబడుతుంది, లోపల కుళ్లు మొదలవుతుంది. మాగబెట్టడానికి పనికిరాదు. ఇంటిల్లిపాదీ ఏరి సంచులకెత్తుతున్నారు, తొక్కుకూ ఒరుగులకూ అగ్గువకు అమ్ముకోవడానికి. ఊళ్లోంచి చూడడానికి వచ్చిన పెద్దమనిషి ఒకాయన నిజంగా బాధపడి, ఆమెను ఓదార్చాలనే, పని చేయడమే మన వంతు, ఫలం మీద ఆశ పెట్టుకోకూడదని గీతలో చెప్పారమ్మా అన్నాడు. ఆమె వంగి కాయ ఏరుతూనే అంది:

“ఫలం మీద ఆశ లేకుంటె తోటెందుకు పడ్తం అన్నా?”

ఆ మాట నాకు అప్పటి నుంచీ తోడుగా ఉంది. గీత మీద నాకున్న గౌరవం తక్కువది కాదు. నా పెరట్లో మునగపూత రాలినప్పుడు ఆ బోధ నాకు అక్షరాలా పనికొస్తుంది. నాకు నెలనెలా పింఛను వస్తుంది, మునక్కాయ లేకపోతే కూరలోకి ఇంకోటి కొనుక్కుంటాను. ఆశ పెట్టుకోకుండా నీళ్లు పోయడం నాకు సాధనే, ఆనందమే. అర్జునుడికి ఆ మాట చెప్పినవాడు రథం పగ్గాలు పట్టుకుని అదే యుద్ధం మధ్యలో నిలబడి చెప్పాడు, గట్టు మీద నిలబడి కాదు. ఫలాన్ని వదులుకోవడం వేరు, ఫలం లాక్కుపోబడడం వేరు. వదులుకోవాలంటే ముందు అది చేతికి రావాలి. అప్పు మీద బతుకుతున్న మనిషికి వైరాగ్యం బోధించే హక్కు ఆ అప్పులో పాలు పంచుకున్నవాడికే ఉంటుందని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ఉగాది పచ్చడి విషయంలోనూ నా మనసు ఇక్కడే ఆగుతుంది. చేదూ తీపీ కలిసి ఉండేదే బతుకని ప్రతి ఏడూ చెప్పుకుంటాం. నిజమే. కానీ ఆ గిన్నెలోంచి ఇంట్లో ఎవరు తీసుకున్నా అందరికీ ఒకే పాలు చేదు, ఒకే పాలు తీపి వస్తాయి. ఇంటి పెద్దకు బెల్లం ముక్కలు, పనిమనిషికి వేపపువ్వు అని ఎవరూ విడదీసి పెట్టరు. వసంతకాలపు చేదును మనం అలా పంచుకోవడం లేదు. గాలివాన నష్టంలో పట్టాదారుకు ముందే ముట్టిన సగం ముట్టినట్టే. ఏజెంటు అప్పు అప్పుగానే ఉంటుంది. మార్కెట్‌లో కాయ తగ్గితే ధర పెరుగుతుంది కనుక, రాయి పడని తోటవాడికి లాభం కూడా రావచ్చు. మొత్తం చేదు ఒకే నాలుక మీద పడుతుంది.

2023లో ఆ ఉగాది మర్నాడే, మార్చి 23న, అప్పటి ముఖ్యమంత్రి కె.చంద్రశేఖర్ రావు ఖమ్మం, మహబూబాబాద్, వరంగల్, కరీంనగర్ జిల్లాల్లో దెబ్బతిన్న పొలాలు చూసి ఎకరాకు 10 వేల రూపాయలు ప్రకటించారు. కౌలు రైతులకూ అది అందాలని అన్నారు. ఆ మాట విలువైనది. అది ఎందుకు ప్రత్యేకంగా చెప్పాల్సి వచ్చిందో కూడా ఆలోచించాలి. 2018లో మొదలైన రైతుబంధు పట్టాదారుకే వచ్చింది, కౌలుదారుకు రాలేదు. కేంద్ర పంటల బీమా పథకాల నుంచి రాష్ట్రం 2020లో తప్పుకుంది. అంతకుముందు 2011లో, ఉమ్మడి రాష్ట్రంలో, కౌలు రైతులకు రుణ అర్హత కార్డులిచ్చే చట్టం వచ్చింది. కానీ మామిడి గుత్తల్లో కాగితం రాసుకోవడమే అరుదు. కాగితం లేనివాడి పేరు ఏ జాబితాలోనూ ఎక్కదు. మండలం ఆఫీసు నుంచి నష్టం రాయడానికి వచ్చినప్పుడు తోట ఎవరిదని అడుగుతారు. కాయ ఎవరిదని అడగరు.

ఆకాశం వంతు ఏది, మనిషి వంతు ఏది అని విడదీసి చూడడమే ఈ చెట్ల మధ్య నేను నేర్చుకున్న ఆలోచన. రాయి పడడం ఆకాశం వంతు. దాన్ని మార్చలేం, మార్చాలని ఏడవడం వృథా. ఎవరి మీద పడాలన్నది మాత్రం మనుషులు ముందే రాసుకున్నది. అది విధి కాదు, ఒప్పందం. ఒప్పందాన్ని మార్చుకోవచ్చు. ఈ రెంటినీ కలిపేసి అంతా దేవుడి దయ అనడం దేవుడికీ న్యాయం కాదు, ఆ కుటుంబానికీ న్యాయం కాదు.

మనిషి వంతులో చేయగలిగింది కొంత తోటలోనే ఉంది. గట్టు వెంట గాలిని ఆపే చెట్లు పెంచడం, చెట్టును మరీ ఎత్తు పోనీయకుండా కొమ్మలు కత్తిరించడం, మొదట్లో ఎండుటాకు పరిచి తేమ నిలపడం, కాయకు కాగితపు సంచి తొడగడం. మాకు దగ్గరలోనే, యాచారం దారిలో గున్‌గల్‌లో, మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ ‘క్రిడా’ వారి పరిశోధన క్షేత్రం ఉంది. వానను నమ్ముకున్న నేలల్లో ఎలా బతకాలన్నదే అక్కడి పని. వాతావరణ శాఖ ఇప్పుడు రాబోయే మూడు గంటల సంగతి కూడా ఫోనుకు పంపుతోంది. అది కల్లంలో ధాన్యం మీద పట్టా కప్పుకోవడానికి పనికొస్తుంది, మనుషులు చెట్టు కింది నుంచి ఇంటికి చేరడానికి పనికొస్తుంది. ముప్పై అడుగుల మామిడిచెట్టు మీద కప్పే పట్టా మాత్రం లేదు. ఎంత తెలిసినా తోటను ఇంట్లోకి తెచ్చుకోలేం. అందుకే జాగ్రత్తలు నేర్పడంతో మన బాధ్యత తీరిపోదు.

మా రంగారెడ్డి జిల్లా ఒకప్పుడు ద్రాక్షకు పేరు. అనాబ్-ఎ-షాహి, తర్వాత థామ్సన్ సీడ్‌లెస్ పందిళ్లు నగరం చుట్టూ ఉండేవి. పండే వేళ ఒక వాన పడితే గింజ పగిలి గుత్తి గుత్తే పోయేది. అయినా ఏళ్ల తరబడి రైతులు దాన్ని వదల్లేదు. వదిలించింది భూమి ధర. ఒక గాలివానకు పోయిన పందిరిని మళ్లీ వేసుకున్నవాళ్లు ఉన్నారు, రాళ్లు పాతి ప్లాట్లు చేసిన చోట మళ్లీ తీగ నాటినవాళ్లు లేరు. కుతుబ్‌షాహీల కాలపు మా పెద్ద చెరువు కూడా ఏళ్ల తరబడి ఎండిపోయి కనిపించి, 2020 తర్వాతి మంచి వానలకు మళ్లీ నీళ్లు చూసింది. చెరువు ఓపిక పట్టగలిగింది, ఎందుకంటే దాని మీద అప్పు లేదు. మనుషులు అంత ఓపిక పట్టలేరు. రెండు చెడ్డ వసంతాలు వరుసగా వస్తే తోట పట్టే కుటుంబం నగరంలో కావలి పనికి వెళ్లిపోతుంది, మూడో వసంతంలో పట్టాదారు ప్లాట్లవాళ్లకు ఫోను చేస్తాడు. తోటలు ఇలా పోతున్నాయి.

అందుకని, మామిడితోట ఉన్నవాళ్లకు నా విన్నపం. ఈ ఏడు పూత మీద బేరం మాట్లాడుకునేటప్పుడు ఒక తెల్లకాగితం మీద రాసుకోండి. రాళ్ల వానకో ఈదురుగాలికో సగం కాయ పోతే గుత్త కూడా సగం తగ్గుతుందన్న ఒక్క వాక్యం అందులో ఉండనివ్వండి. ప్రభుత్వం నుంచి పరిహారం వస్తే అది తోట పట్టినవాళ్లదని ఇంకో వాక్యం రాయండి. గ్రామసభలో కూర్చునేవాళ్లు నష్టం జాబితా చదివినప్పుడు పట్టాదారు పేరు పక్కన కాయ ఎవరిదో కూడా రాయించండి. నగరంలో ఉండి పండు కొనుక్కునేవాళ్లు తోలు మీద చిన్న నల్లమచ్చ ఉన్న బంగినపల్లిని పక్కకు నెట్టకండి. గాలి రాపిడికి పడ్డ మచ్చ అది, లోపల పండు బాగానే ఉంటుంది. బాటసింగారం పండ్ల మార్కెట్‌లో ఆ మచ్చకే కిలో మీద ధర కోస్తారు.